వదిన వంకర కత్తి

మొన్న మా ఊరి పటేలు మనవడు హన్మకొండ సుబేదారిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మనిషి మర్యాదస్తుడే. చెప్పులు బయట విప్పాడు, మిఠాయి డబ్బా బల్లమీద పెట్టాడు, "మేడం, మీరు మన ఊరి ఆడబిడ్డ, మీరు రాకపోతె ఎట్ల" అంటూ రెండు చేతులతో ఆహ్వాన పత్రిక అందించాడు. పోచమ్మ గుడిని కొత్తగా కట్టారట. పత్రిక మధ్యలో, అమ్మవారి బొమ్మ ఉండాల్సిన చోట, ఒక వంకర కత్తి ఫోటో ఉంది. దాని ఒరకు బంగారు రంగు వేశారు. కింద "మా తాతగారు నేపాల్ పశుపతినాథుని సన్నిధి నుండి తెచ్చిన దివ్య ఖడ్గం" అని అచ్చయింది. ఆ కత్తిని గాజుపెట్టెలో పెట్టి బ్యాండు మేళంతో ఊరేగిస్తారట. నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. "మీ తాత నేపాల్ ఎప్పుడు పోయిండు బాబూ?" అని అడిగాను. "తెల్వది మేడం, పెద్దోళ్ళు చెప్తరు" అన్నాడు. "మీ తాత నెక్కొండల రైలెక్కితే వరంగల్ల దిగేటోడు. వరంగల్ల ఎక్కితే నెక్కొండల దిగేటోడు. ఆయనకు తెల్సిన భూగోళం గంతే" అన్నాను. అబ్బాయి నవ్వాడు. ముసలివాళ్ళ పరాచికం అనుకున్నాడు. నేను నవ్వలేదు.

ఆ గాజుపెట్టెలోని కత్తి ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. పటేలు చెప్పగా మా ఊరి కమ్మరి, విరిగిన లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి దాన్ని కొట్టాడు. బదులు తెచ్చుకున్న ఒక కత్తిని ఎదురుగా పెట్టుకుని, దాని వంపును చూసి చూసి కొట్టాడు. ఆ అసలు కత్తి మా వదినది. దానిది పశుపతినాథుని సన్నిధి కాదు, హన్మకొండ చౌరస్తా. చలికాలంలో నేపాలీలు దారాలు కట్టి స్వెటర్లు వేలాడదీసే గోడ పక్కన అది మా ఇంటి మనిషైంది. ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇంకా బతికుండగానే పటేలు యాత్ర చేసినట్టు అచ్చు వేయించారంటే, మేం పోయాక ఇంకేమేం వేయిస్తారో! ఈ వయసులో పాతవి తవ్వుకోవడం ఎందుకని మిత్రులు అంటారు. క్షమ గొప్పదని కూడా అంటారు. అన్యాయం జరిగిన చోట నిలబడని వాళ్ళకు క్షమ చాలా సులభం. నేను అక్కడ నిలబడ్డాను. నాకది చేతకాదు.

మా వదిన పేరు కొమురమ్మ. పాలంపేట దగ్గరి పల్లె నుంచి మా ఇంటికి కోడలై వచ్చింది. నాన్న అప్పటికే లేడు. ఇంట్లో మేం అవ్వ అని పిలిచే అమ్మ, అన్న, సెలవులకు వచ్చిపోయే నేను. కాస్త వరి, కాస్త మిరప, ఒక జత ఎడ్లు. అవ్వకు మాటల కంటే మొక్కులెక్కువ. పొద్దున లేవగానే పొయ్యికి మొక్కేది, పొయ్యిమీది ఎసరుకు మొక్కేది, ఇంట్లోకి పాము వస్తే దానికీ మొక్కి, తర్వాతే అన్నను కేకేసేది. వదిన పూర్తిగా వేరే మనిషి. ఏ పనైనా ముందు చేతిలో ఉన్న పనిముట్టును చూసేది. మా కొడవలిని చూసి నవ్వింది, మా గొడ్డలి ఊగుతోందని దాని కామ తీసి మళ్ళీ బిగించింది, కత్తిపీటను గుమ్మం రాయిమీద నూరింది. "మీ ఇంట్ల మనుషులకు నోర్లు లేవు, పనిముట్లకు పండ్లు లేవు" అని నాతో గుసగుసగా అన్నది. పెళ్ళయిన కొత్తలో అలా అన్న కోడలిని ప్రేమించకుండా ఎవరైనా ఉండగలరా?

ఆ చలికాలం అన్నకు స్వెటర్ కొనడానికని హన్మకొండ వచ్చారు. నేను అప్పుడక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. ముగ్గురం చౌరస్తాకు పోయాం. అన్న ఒక నీలం స్వెటర్ తొడుక్కుని అద్దంలో చూసుకుంటున్నాడు. వదిన చూపు మాత్రం స్వెటర్ల మీద లేదు. ఆ నేపాలీ కుటుంబం గోడవతల వంట చేసుకుంటున్నది. ఒకామె వంకరగా ఉన్న పొట్టి కత్తితో తుమ్మ మొద్దును చీలుస్తున్నది. అదే కత్తితో ఉల్లిగడ్డ తరిగింది. అదే కత్తి మొనతో పిల్లవాడి చెప్పులోంచి మేకు పీకింది. వదిన అక్కడికి పోయి ఆమె ముందు గొంతుక్కూర్చున్నది. "స్వెటర్ నక్కో. ఏ చాకూ దో" అన్నది. ఆమె నవ్వి, తనది ఇవ్వనని తల ఊపి, బస్తాలోంచి మరోటి తీసింది. చెక్క పిడి, తోలు ఒర, ఎక్కడా ఇత్తడి తళుకు లేదు. వదిన దాన్ని చేతిలో ఊపి చూసింది, గోరు అంచుమీద ఆనించి చూసింది. అన్న నీలం స్వెటర్‌తోనే పరుగెత్తుకొచ్చాడు. "ఏందే, కత్తి కొంటానవా? నాకు చలి పెడ్తాంది!" వదిన తల తిప్పకుండా, "కట్టెలు కొట్టు, అదే ఉడుకైతది" అన్నది. అన్న ఆ చలికాలమంతా దుప్పటి కప్పుకుని తిరిగాడు.

ఆ కత్తి గుణాలు చెప్పాలి. ఎందుకంటే ఈ కథంతా ఆ గుణాల చుట్టూ తిరిగిందే. మామూలు కత్తి బరువు పిడి దగ్గర ఉంటుంది. దీని బరువు ముందు, వంపు దాటిన తర్వాత ఉన్న వెడల్పులో ఉంటుంది. కాబట్టి కొట్టే చెయ్యి సగం పని చేస్తే, మిగతా సగం కత్తి తానే చేస్తుంది. వంపు వల్ల అంచు వస్తువు మీద పడుతూనే జారుతుంది. నరుకుడూ కోతా ఒకే కదలికలో అయిపోతాయి. దీని ఉక్కు కూడా కమాను పట్టీదే, లారీ బరువును మోసి వంగి మళ్ళీ లేచిన ఉక్కు. అది పెళుసుగా విరగదు. ఒరలో పెద్దకత్తి వెనకాల రెండు చిన్నవి ఉంటాయి. ఒకటి చిన్న పనులకు, రెండోది అంచు లేని మొద్దుది, పెద్దదాన్ని నూరడానికి. నాకు అన్నిటికన్న నచ్చింది అదే. తన మొండితనాన్ని సవరించే సాధనాన్ని తనతోపాటే మోసుకు తిరిగే వస్తువు ఏ మతగ్రంథంలోనైనా ఉంటే చూపించండి, నేను దణ్ణం పెడతాను. పిడి దగ్గర అంచులో ఒక చిన్న నొక్కు ఉంటుంది. దాని మీద ఎన్ని కథలైనా చెప్తారు. ఆవు గిట్ట అన్నవాళ్ళున్నారు, త్రిశూలం అన్నవాళ్ళున్నారు. వదిన మాత్రం రసం అక్కడ ఆగి కారిపోతుంది, పిడి తడవదని చూసి చెప్పింది. నేను ఆమె మాటే నమ్ముతాను.

ఇంకో గుణం ఉంది, అన్నిటికన్న పెద్దది. అది చవక. తర్వాతి కాలంలో ఒకరింట్లో గోడమీద తగిలించిన ఖరీదైనది చూశాను. సింహం తల పిడి, వెండి పూత. అంచు లేదు, ఎప్పుడూ ఉండలేదు. దాన్ని ఎవరూ వాడరు, దుమ్ము దులుపుతారు. చవక వస్తువుకు ఆ ప్రమాదం లేదు. వదిన దాంతో ఎండిన తుమ్మ కట్టెలు చీల్చింది, మేకలకు వేప కొమ్మలు కొట్టింది, చెరుకు నరికింది, టెంకాయ పగలగొట్టింది, కూరకు మేక బొక్కలు కొట్టింది. ఎండాకాలం తాటికాయలు కొట్టి ముంజలు తీస్తుంటే వాడకట్టు ఆడవాళ్ళంతా మా వాకిట్లోనే ఉండేవాళ్ళు. "జర నీ వంకర కత్తి ఇయ్యి కొమురమ్మా" అని ఇంటికొకరు అడిగి తీసుకుపోయేవాళ్ళు. కొన్నాళ్ళకు పిడి జారుతోందని అవ్వ తన పాత చీర ఆకుపచ్చ అంచు చింపి దానికి గట్టిగా చుట్టింది. అవ్వ ఆ కత్తికి చేసిన ఒకే ఒక్క పూజ అది.

ఇక మా ఊరి పోచమ్మ కత్తి సంగతి. జాతరకు బలి ఇచ్చే మొదటి యాట, అంటే మేకపోతు, పటేలింటిది, మొదటి వేటు పటేలుది. ఒక్క వేటుకు తల తెగాలి. తెగితే వానలు, పంటలు. తెగకపోతే ఎవరో తప్పు చేశారన్నమాట, ఆ ఎవరో తేలాలి. దేవతల పేరిట ప్రాణం తీయడం నాకు అప్పుడూ ఇప్పుడూ గిట్టదు. కానీ తీసేవాడు కనీసం కత్తిని నూరాలి కదా? మా ఊళ్ళో నూరరు. అమ్మవారి కత్తికి రాయి తగలకూడదట. తగిలితే అమ్మవారి పండ్లకు రాయి తగిలినట్టట. అందుకని తరతరాలుగా దానికి పసుపు పూశారు, కుంకుమ పెట్టారు, నూనె పోశారు. పసుపు మీద పసుపు ఎండి, అంచు ఎక్కడుందో వెన్ను ఎక్కడుందో తెలియకుండా అయింది. గౌరవించీ గౌరవించీ ఒక మంచి ఇనుప ముక్కను దుడ్డుకర్ర చేశారు. పటేలు తండ్రికి భుజబలం ఉండేదట, మొద్దుకత్తితోనే నెట్టుకొచ్చాడు. ఈ పటేలుకు పొట్ట ఉండేది, పొద్దున్నుంచే కల్లు ఉండేది.

నేను చెప్పబోయేది వదిన వచ్చాక జరిగిన మొదటి జాతర సంగతి. ఆడవాళ్ళంతా బోనాలు దించి వరసగా నిలబడ్డారు. కత్తిని పళ్ళెంలో పెట్టి తెస్తున్నారు. వదిన పక్కనున్న నాతో, తనకు అలవాటైన మామూలు గొంతుతో అన్నది. వదిన మామూలు గొంతు పది ఇళ్ళకు వినపడేది. "గదేంది పిల్లా, గా కత్తికి సొరకాయ గూడ తెగది. ఎవలన్న జర నూరరాదూ?" చుట్టుపక్కల ఆడవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. పటేలు కత్తి ఎత్తాడు. మొదటి వేటుకు యాట మోకాళ్ళ మీద పడి అరిచింది. తర్వాత ఎన్ని వేట్లు పడ్డాయో నేను చెప్పను. కళ్ళు మూసుకున్నా చెవులు మూసుకోలేకపోయాను. డప్పులు ఆగిపోయాయి. పటేలు చెమటతో, నెత్తుటితో, ఆయాసంతో ఊరి వైపు తిరిగాడు. తన చెయ్యి తప్పని అనలేడు. కత్తి తప్పని అంటే అమ్మవారిని అన్నట్టు. మిగిలింది ఎవరు?

"ఎవలిదో నోరు తగిలింది" అన్నాడు. ఎవరో వేలెత్తి చూపించారు. "కొమురమ్మ అన్నది పటేలా. సొరకాయ గూడ తెగదని." పటేలు ముఖం తేటపడింది. మునిగేవాడికి ఒడ్డు దొరికినట్టు. "అగో, అందుకే. ఆడిదాని నోట్ల నుంచి గసుంటి మాటొస్తె తల్లి నిలుస్తదా?"

నేను ముందుకు పోయాను. హన్మకొండలో మేం కొందరం సాయంత్రాలు కూడి వాదనలు చేసుకునేవాళ్ళం. ఏ మాటకైనా రుజువు అడగాలని నేర్చుకుంటున్న రోజులవి. "పటేలా, ఆమె అన్నది నిజమా కాదా అన్నది చూడుండ్రి. కత్తి తెచ్చి సొరకాయ మీద పెట్టుండ్రి" అన్నాను. "హన్మకొండల సదువుకుంటె గింత నోరొస్తదా? ఆడపిల్లవు, ఊకో" అన్నాడు. వదిన మాత్రం భయపడలేదు. "నేను శాపం పెట్టలే పటేలా. నూరుండ్రన్న. నూరుంటె యాటకు గంత బాధ గాకపోవు" అన్నది. ఆమె చేసిన నేరం అదే, మొత్తం అదే. జరగబోయేది చూసి జరగకముందే చెప్పింది. చెప్పింది జరిగింది కాబట్టి చెప్పడం వల్లనే జరిగిందన్నారు. ఆ తర్వాత నేను పెద్ద పెద్ద పండితులతో వాదించాను. వాళ్ళ తర్కం మా పటేలు తర్కం కంటే ఒక్క అడుగు ముందుకు పోయినట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

శిక్ష చెప్పారు. తడిబట్టలతో గుడిచుట్టూ తిరిగి, అందరి ముందు ముక్కు నేలకు రాయాలి. ఇకమీదట గుడి ముందు గీసే సున్నపు గీత దాటి లోపలికి రాకూడదు, లోపలి వస్తువేదీ ముట్టకూడదు, ముడితే మైల. వదిన రాయనన్నది. పటేలు ఆమెతో మాట్లాడలేదు. అన్న వైపు తిరిగి, మెల్లగా, "చెరువు తూము తాళం నా దగ్గరుంటది గద" అన్నాడు. మా వరి అప్పుడు పొట్టకొచ్చి ఉంది. అన్న తల దించుకున్నాడు. అవ్వ వచ్చి వదిన భుజం పట్టుకున్నది. "రాయి బిడ్డా. ఒక్కపాలి రాస్తె ఏం పోతది? నీళ్ళు బందు చేస్తె బతుకే పోతది." అవ్వ చెయ్యి భుజం మీంచి మెడమీదికి జరిగింది. ఆ చెయ్యి అక్కడ ఉండగానే వదిన వంగింది. కంకరనేల. ఒకసారి రాసింది. పటేలు "గట్ల గాదు, మంచిగ" అన్నాడు. మళ్ళీ రాసింది. లేచేసరికి ముక్కు తోలు ఊడి నెత్తురు పెదవి మీదికి కారుతోంది. పటేలు భుజంమీది కండువాతో ముఖం తుడుచుకుంటూ పక్కవాడితో వేరే మాటేదో మాట్లాడుతున్నాడు. నేను క్షమించనిది ఆ పక్కకు తిరిగిన ముఖాన్ని.

ఆ రోజునుంచి వదిన అవ్వను "అత్తమ్మా" అని పిలవలేదు. కొట్లాడిందీ లేదు. వేళకు అన్నం వండింది, అవ్వకు పెట్టింది, అవ్వ కాళ్ళనొప్పికి వేడినీళ్ళు కాచింది. మాట మాత్రం లేదు. పళ్ళెం చప్పుడు చేస్తే అన్నం రెడీ అయినట్టు, చెంబు చప్పుడైతే నీళ్ళు పెట్టినట్టు. నేను సెలవులకు పోయినప్పుడల్లా ఆ నిశ్శబ్దంలోకి అడుగు పెట్టేదాన్ని. పొగవాసన, ఎండుమిరప ఘాటు, గిన్నెల చప్పుడు, కట్టెల మీద కత్తి చప్పుడు. అన్న అటూ ఇటూ చూసి, ఏదో జోకు వేయబోయి, మింగేసేవాడు. అవ్వ మొక్కులు రెట్టింపయ్యాయి. ఒకరోజు అవ్వ నాతో, "నేనేం జేసిన బిడ్డా? ఇల్లు నిలవెట్టిన" అన్నది. "ఎవలి ముక్కు పెట్టి నిలవెట్టినవ్?" అన్నాను. ఊళ్ళో ఎవరింటి శుభానికీ మమ్మల్ని పిలవలేదు. వంకర కత్తిని మాత్రం అడగడం ఎవరూ మానలేదు. దొడ్డిదారిన వచ్చి తీసుకుపోయి దొడ్డిదారినే తెచ్చిచ్చేవాళ్ళు.

మళ్ళీ జాతర వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం ఊరి కావలికారు మల్లయ్య దొడ్డివైపు నుంచి దగ్గుతూ వచ్చాడు. "కొమురక్కా, ఎవలకు జెప్పకు. పటేలు జర గా వంకర కత్తి అడుగుతాండు." నేను వాకిట్లో ఉండి వింటున్నాను. "ఎందుకట?" అన్నది వదిన. మల్లయ్య నేల చూపులు చూశాడు. "ఈ పాలి గూడ తప్పితె ఊళ్ళె మాట బోతదని పరేషానైతాండు. ఎవలికి తెల్వకుంట పసుపు బూసి పట్టుకపోదమన్నడు." నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. రుజువు అడుక్కుంటూ మా దొడ్లోకే నడిచి వచ్చింది! "ఇయ్యకు వదినా! మొద్దుకత్తితోనే కొట్టనియ్యి, వాని తప్పు వానికే తెల్వని" అని అరిచాను. వదిన లోపలికి పోయి కత్తి తెచ్చి, మెట్టుమీద కూర్చుని, ఒరలోని మొద్దు చాకుతో నిదానంగా నూరడం మొదలుపెట్టింది.

"ఇస్తవా? నీ ముక్కు రాపిచ్చినోనికి ఇస్తవా?" అన్నాను. "పిల్లా, వానికి వాని తప్పు తెల్వదే. మళ్ళ మొద్దుకత్తి ఎత్తుతడు, యాట మళ్ళ తన్నుకుంటది, ఈసారి ఇంకెవలో కోడలు వంగుతది. నీ పుస్తకాలల్ల రాసిలేదా గిది?" అన్నది. "నూరి ఇస్తాన. తెగుతది. తెగినంక జూద్దం." వెంట్రుకను అంచుకు తగిలించి చూసి, మల్లయ్య చేతికిచ్చింది. "జర పైలం. చేతులు బోతయ్" అన్నది.

జాతరనాడు వదిన సున్నపు గీతకు ఇవతలే నిలబడింది, నేను ఆమె పక్కన. అవ్వ కొంచెం దూరంగా, బోనమెత్తిన ఆడవాళ్ళ వెనక నిలబడింది. పళ్ళెంలో కత్తి వచ్చింది. మొదలుకంటా పసుపు, మీద కుంకుమ, పిడికి ఎర్రగుడ్డ. పటేలు ఎత్తాడు, దించాడు. చప్పుడు కూడా రాలేదు. తల కింద ఉంది. యాటకు తాను చనిపోయిన సంగతి తెలిసి ఉండదు. డప్పులు మోగాయి, ఈలలు వేశారు, ఆడవాళ్ళు దండాలు పెట్టారు. నేను ఎదురుచూసింది ఆ తర్వాతి మాట కోసం. అది రానే వచ్చింది. పటేలు కత్తి పైకెత్తి అన్నాడు: "తల్లి కరుణించింది! నిరుడు తప్పు జేసినోళ్ళు ముక్కు రాసిండ్రు గనుకనే ఇయ్యాల ఒక్క వేటుకు తెగింది!" ఎంత చక్కగా సర్దాడో చూశారా? తెగకపోతే ఆమె నోరు, తెగితే ఆమె ముక్కు. నూరినది, ఇచ్చినది, నేపాల్లో ఎవరో ఒళ్ళు వంచి కాల్చి కొట్టినది, ఏదీ లెక్కలోకి రాదు.

వదిన గీత ఇవతలి నుంచే గొంతెత్తింది. "పటేలా!" అన్నది. డప్పులమీదుగా వినపడింది. "అయిపాయె గద. నా కత్తి నాకియ్యుండ్రి. పొద్దుమీకి వంటకు కట్టెలు కొట్టుకోవాలె."

డప్పులు ఒకటొకటిగా ఆగాయి. పటేలు, "ఏ కత్తి? ఇది తల్లి కత్తి!" అన్నాడు. "తల్లి కత్తయితె పిడికి కట్టిన గుడ్డ ఇప్పుండ్రి. మా అత్త చీరంచు ఉంటది, ఆకుపచ్చది" అన్నది వదిన. పటేలు కదల్లేదు. కానీ కొట్టిన ఊపుకు ఎర్రగుడ్డ అప్పటికే సగం జారింది, కింది నుంచి పచ్చటి అంచు తొంగిచూస్తున్నది. బోనాల వరసలోంచి ఒక ముసలామె కళ్ళు చిట్లించి చూసి, "అగో! గది కొమురమ్మ కత్తేనే! మొన్న దాంతోనే నేను ముంజలు గొట్టిన" అన్నది. "మా ఇంట్ల బొక్కలు గొట్టింది గదే" అన్నది ఇంకొకామె. "అయ్యో, గట్లయితె పోచమ్మ గూడ బదులు దెచ్చుకునుడేనా?" అని వెనకనుంచి ఒక మగగొంతు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆగలేదు. పిల్లలు నవ్వారు, డప్పులవాళ్ళు నవ్వారు, బోనాలు నెత్తిన పెట్టుకుని నవ్వలేక ఆడవాళ్ళు అవస్థ పడ్డారు.

పటేలు ముఖం నల్లబడింది. "తీస్కపోయే!" అని కత్తిని విసిరికొట్టాడు. అది గీతకు లోపలే, నెత్తురు బురదలో పడింది. వదిన కదల్లేదు. "నేను గీత దాటరాదు పటేలా. లోపటిది ముట్టరాదు, మైల. మీరే జెప్పిండ్రు, ఊరంత ఇన్నది. మీరే ఎత్తి ఇయ్యుండ్రి." పటేలు మల్లయ్య వైపు చూశాడు. మల్లయ్యకు హఠాత్తుగా ఎటో దూరంగా ఏదో కనిపించింది. ఇక తప్పలేదు. పొట్ట అడ్డుపడుతుండగా పటేలు వంగాడు. వదిన పాదాలకు చేరువలో, బురదలోంచి కత్తి తీశాడు. లేవబోతుంటే వదిన అన్నది: "కడిగి ఇయ్యుండ్రి. వంటింటిది." చెంబెడు నీళ్ళు ఎవరో ముందుకు తోశారు. పటేలు మా వదిన కత్తిని కడిగాడు. పసుపు పోయింది, కుంకుమ పోయింది, ఉక్కు బయటపడింది. రెండు చేతులతో గీత ఇవతలికి అందించాడు. ఇప్పటి వాళ్ళు ఇలాంటివి ఫోన్లలో పట్టుకుని పదిమందికి పంపి సాయంత్రానికి మరిచిపోతారు. మా దగ్గర ఫోన్లు లేవు. అందుకేనేమో, ఆయన వంగిన వీపు చెమట ఎక్కడెక్కడ చొక్కాను తడిపిందో నాకు ఈ రోజుకూ కనిపిస్తుంది. చూసుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. దాచుకోను.

అయినా ఆయన ముక్కు నేలకు తగలలేదు. ఆ లోటు నాకు అప్పుడే తోచింది. ఇంటికి నడుస్తూ అదే మాట వదినతో అన్నాను. ఆమె తడి కత్తిని కొంగుకు తుడుస్తూ నడిచింది. సాయంత్రం మల్లయ్య మోదుగాకుల్లో కట్టిన కూర మూట తెచ్చి గడపలో పెట్టాడు. మొదటి యాట మాంసంలో ఊరి ఇళ్ళకు పంచే వాటా. నిరుడు మాకు రాలేదు. "పటేలు ఇచ్చి రమ్మన్నడు. జరిగిందేదో జరిగింది, కలిసిపోదమన్నడు" అని చెప్పి వెళ్ళిపోయాడు. అన్న మూట వాసన చూసి, "తొడకూరే!" అన్నాడు. ఏడాది తర్వాత ఆ ఇంట్లో వినపడిన మొదటి సంతోషపు మాట అది. వదిన పొయ్యి ముందు నుంచి లేవలేదు. "నేను వండ. ఎవలకు ఆకలైతె వాళ్ళు వండుకోండ్రి" అన్నది. ఆ మాట అన్నకు కాదని అందరికీ తెలుసు. అన్న అవ్వ వైపు చూశాడు. నేనూ అవ్వ వైపే చూశాను. దేవుడి కూర. అవ్వ జీవితంలో ఎన్నడూ దాన్ని కాదనలేదు.

అవ్వ గోడ పట్టుకుని లేచింది. దీపం గూటి వైపు తిరిగి, ఎప్పటిలాగే మొక్కింది. మూటను రెండు చేతులతో ఎత్తుకున్నది. నేను అది వంటింట్లోకి పోతుందనుకున్నాను. అవ్వ గడప దాటి వీధిలోకి పోయింది. నేను వెనకాలే నడిచాను. ఇంకా వెలుగుంది, అరుగుల మీద జనం ఉన్నారు. అవ్వ ఎవరి వైపూ చూడలేదు. ఆకులలోంచి నెత్తురు కారి ఆమె పాదాల మీద పడుతోంది. పటేలింటి అరుగు మీద మూట దించింది. లోపలినుంచి పటేలు భార్య వచ్చి, "ఏందే గిది? తల్లి కూర గద, వాపసు దెస్తరా?" అన్నది. అవ్వ అరుగు కిందే నిలబడి అన్నది: "నిరుడు నా కోడలు ముక్కు తోలు మీ ముందట ఊడింది. వంచింది నేనే. నేను దాన్ని మాఫీ అడుక్కుంట. మీరు మాత్రం మాకు కూర పెట్టకుండ్రి. తూము బందు చేసుకుంటె చేసుకోండ్రి." మేం మలుపు తిరిగేలోపే కుక్కలు అరుగెక్కాయి.

ఇంటికి వచ్చేసరికి వదిన వాకిట్లో నీళ్ళ చెంబుతో నిలబడి ఉంది. ఎవరు చెప్పారో ఏమో. అవ్వ రాయిమీద కాళ్ళు పెట్టింది. వదిన వంగి నీళ్ళు పోసింది. అవ్వ ఒక కాలు కడుక్కుని, రెండోదాన్ని తడిపీ తడపకుండా, మాట కోసం వెతుక్కుంటూ నిలబడిపోయింది.

"మంచిగ కడుగుండ్రి అత్తమ్మా" అన్నది వదిన. "మడిమెకు ఇంక నెత్తురున్నది."